ఎలిమినేటర్ జమానా: ఉస్తాద్ బల్ల మీది సప్లై ఇంట్లోకి ఎలా వచ్చింది

రేడియో తారీఖ్ రాసినవాళ్లు ఎక్కువగా స్టేషన్ల గురించే రాశారు. కడపలో ఆకాశవాణి 1963లో వచ్చింది, దిల్లీ నుంచి ఉర్దూ సర్వీస్ 1965లో మొదలైంది, ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ ఆవాజ్ నందికొట్కూరు లాంటి కస్బాలో ఇంటి గూట్లో పలకాలంటే కరెంటు కావాలి కదా. దాన్ని సెట్టుకు తగ్గట్టు మలిచిన హునర్ ఎవరిది? ఆ పేజీ ఖాళీగానే ఉంది.

ముందు సెల్లుల జమానా. ఒక్కో సెల్లు 1.5 వోల్టులు, ఆరు కలిపితే 9. నీరసించిన సెల్లుల్ని ఎండలో పెట్టి ఇంకో రెండు రోజులు లాగించేవాళ్లు. దానికి తోడు 1980ల మధ్య దాకా రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు డబ్బులు కట్టాలి. గరీబు ఇంట్లో పాట వినడం ఖర్చుతో కూడిన షౌక్.

ఆ సెల్లుల పీడ వదిలించిన డబ్బానే ఎలిమినేటర్. మాట అమెరికాది. 1920లలో అక్కడి రేడియోలు కూడా బ్యాటరీల మీదే నడిచేవి, ఆ బ్యాటరీల్ని తీసేసేది కాబట్టి ఆ పేరు. 1928లో షికాగోలో గాల్విన్ అన్నదమ్ములు దివాలా తీసిన ఒక కంపెనీ నుంచి ఈ ఎలిమినేటర్ల వ్యాపారం కొన్నారు. రెండేళ్ల తర్వాత కారు రేడియో చేసి దానికి మోటరోలా అని పేరు పెట్టారు. వాళ్లు ఇంటి డబ్బాతో మొదలుపెట్టి కారులోకి వెళ్లారు. మనవాళ్లు ఉల్టా చేశారు, కారు టేప్‌ను ఇంట్లోకి తెచ్చారు!

ప్లైవుడ్ పెట్టెలో కారు డెక్కు, మట్టికుండ మూతికి స్పీకరు. ఖవ్వాలీ, నాత్, సినిమా పాట ఏదైనా సరే, గల్లీ చివర దాకా వినబడాల్సిందే. డెక్కుకు 12 వోల్టులు కావాలి. మామూలు ఎలిమినేటర్ పెడితే పగలు బాగానే పాడేది. చిక్కల్లా మోటార్లు నడిచే వేళే. శ్రీశైలం జలాశయం నందికొట్కూరు, ఆత్మకూరు తాలూకాల ఊళ్లను ముంచింది, 1982లో అక్కడ విద్యుత్తు మొదలైంది. ముంపు మనది, బల్బు మాత్రం ఎర్రగా మిణుకుమనేది. సరే, అది వేరే దాస్తాన్.

హిసాబు చూడండి. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఎలిమినేటర్ నుంచి దాదాపు 15 వోల్టుల డీసీ వస్తుంది. గోడలో 230 ఉండాల్సిన చోట 150 ఉంటే అది పదికి పడిపోతుంది. టేపు సాగుతుంది, పాట ఏడుస్తుంది, వెనకాల "గుమ్మ్..." అని హమ్మింగు. ఆ గుమ్మనేది మెయిన్స్ 50 సైకిళ్లకు రెట్టింపు, 100 సైకిళ్ల మోత.

మరి రేడియో మిస్త్రీ బల్ల మీద ఉన్న సప్లై ఎందుకు తొణకదు? వచ్చిన సెట్టు 6దో, 9దో, 12దో అని అతను నాబు తిప్పుకునే పెట్టె అది. లోపల ట్రాన్స్‌ఫార్మర్ 24 వోల్టులది, డీసీ 32 దాకా ఉంటుంది. గోడలో 150కి పడినా ఇంకా 21 మిగులుతుంది. అందులోంచి 12 తీయడం రెగ్యులేటర్‌కు కష్టం కాదు. లో-వోల్టేజీ ఊరికి సరైన దవా మిస్త్రీ బల్ల మీదే ఉంది.

దాన్ని ఇంట్లో పెట్టడానికి మాత్రం తర్కీబ్ కావాలి. మొదటిది నాబు. దుకాణంలో అదే దాని సొగసు, ఇంట్లో అదే ఖతరా. పిల్లాడు ఒక్క తిప్పు తిప్పితే డెక్కు బూడిద. అందుకే ఎల్‌ఎం 317 ఐసీతో చేసిన పెట్టెలో నాబు పీకేసి ఆ చోట 2 కిలో ఓముల రెసిస్టరు టంకం వేయాలి. పక్కన 240 ఓములది ఉంటే లెక్క 11.7 వోల్టుల దగ్గర ఆగుతుంది. రెండోది కరెంటు హద్దు. బల్ల మీద షార్టయిన సెట్టును కాపాడే ఆ హద్దు, ఢోలక్ దెబ్బ పడగానే పాటను తెంచేస్తుంది. హద్దు పెంచి, ఔట్‌పుట్‌కు పెద్ద కెపాసిటర్ తగిలిస్తే దెబ్బ నిలుస్తుంది.

మూడోది వేడి, అసలు పరీక్ష ఇదే. 32లోంచి 12 తీస్తే మిగతా 20 వోల్టులు ఎక్కడికి పోతాయి? ఒక ఆంపియరు లాగితే 20 వాట్లు వేడిగా బయటికి రావాలి. అంత వేడి ఐసీ ఒక్కటే మోయలేదు. 2ఎన్3055 ట్రాన్సిస్టర్ జోడించి, దాన్ని రెక్కల అల్యూమినియానికి బిగించి, కింద మైకా బిళ్ల పెట్టాలి. లో-వోల్టేజీలో పాట నిలబడాలంటే మామూలు రోజుల్లో ఈ వేడి భరించాలి. ఆ బేరం తెలిసినవాడే ఉస్తాద్.

ఎల్‌ఎం 317 చేసిన బాబ్ డాబ్కిన్ పేరు తారీఖ్‌లో ఉంది, ఉండాల్సిందే. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ నుంచి విడిభాగాలు సంచీలో తెచ్చుకుని, కాలేజీ ముఖం చూడకుండా ఈ లెక్కలు కుదిర్చిన కారీగర్లు సీమ కస్బాల్లో ఎందరో. వాళ్లలో మన కౌమ్ వాళ్లు తక్కువేం కాదు. వాచీ దుకాణం, రేడియో రిపేరు, మైకు సెట్టు, ఇవే కదా సేద్యం లేని ఇళ్లకు రోజీ ఇచ్చినవి. అరబ్బుల ఇల్మ్ గురించి సభల్లో గంటలు మాట్లాడతాం. పక్క వీధి టంకం కడ్డీ ఊసు అందులో రాదు.

ఇప్పుడు అరచేతిలో పట్టే ఎస్‌ఎంపీఎస్ అడాప్టర్ 100 నుంచి 240 దాకా ఏ వోల్టేజీకైనా 12 ఇస్తుంది, వేడీ తక్కువే. బరువైన ఆ పాత పెట్టెలు తుక్కు దుకాణాలకు పోతున్నాయి. అక్కడ వాటిని విప్పి రాగి తీగ కిలోల్లో తూస్తారు, రెక్కల అల్యూమినియం వేరే కుప్ప.