కొల్లేటి చుట్టూ అయిదడుగుల గీత

మాది ఆకివీడు అనగానే ఆఫీసులో మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "చేపలు బాగా దొరుకుతాయంట కదా?" దొరుకుతాయండీ. కానీ ఆ చేపల వెనక కంటికి కనబడని గీత గొడవొకటుంది. దాని పేరు ప్లస్ ఫైవ్ కాంటూరు. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున్న చోట్లన్నీ కలుపుకుంటూ పోతే వచ్చే గీత అన్నమాట.

కాస్త వెనక్కి వెళ్దాం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్ళన్నీ ఇందులోకే. బయటికి దారి మాత్రం మా ఊరి పక్కనుంచి సముద్రానికి పోయే ఉప్పుటేరు ఒక్కటే. 1976లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి సరస్సులో చేపల చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే, లంక ఊళ్ళకి బతుకుదెరువు. తర్వాత డబ్బున్నవాళ్ళు లీజుల పేరుతో దిగారు. ఎక్కడ చూసినా గట్లే.

1999 అక్టోబరు 4న 120వ నంబరు జీవో వచ్చింది. అయిదడుగుల గీత లోపలున్న 308 చదరపు కిలోమీటర్లూ అభయారణ్యం. 2002లో రామ్‌సర్ జాబితాలోకీ ఎక్కింది. కాగితం మీద పనైపోయింది! చెరువులు మాత్రం అలాగే ఉన్నాయి. చివరికి 2006లో, సుప్రీంకోర్టు దాకా వెళ్ళాక, పొక్లెయిన్లు దిగి గట్లు కొట్టేశాయి. అయితే గీత లోపల పట్టా ఉన్న జిరాయితీ భూములూ ఉన్నాయి. వాటి పరిహారం తేల్చకుండానే గీత గీశారు. గొడవంతా అక్కడే.

2008లో శాసనసభ గీతని మూడడుగులకి దించమని తీర్మానం చేసింది. అప్పుడు మిగిలేది 135 చదరపు కిలోమీటర్లే. కానీ వన్యప్రాణి సంరక్షణ చట్టం 26ఎ సెక్షను ప్రకారం జాతీయ బోర్డు సిఫారసు లేకుండా హద్దు మార్చడం కుదరదు. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కూడా అయిదడుగులే ఉండాలంది.

ఇది మన ఒక్కళ్ళ గోలే కాదు. స్కాట్లండ్‌లో ఫ్లో కంట్రీ అని, వేల ఏళ్ళ నాచు కుళ్ళకుండా పేరుకుపోయిన చిత్తడి నేల ఉంది. 1980ల్లో అక్కడి పన్ను రాయితీలే దానిమీద చెట్లు నాటించాయి. 1988లో ఆ రాయితీ తీసేశారు. 2024లో ఆ నేల యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. చెడగొట్టడానికి డబ్బిచ్చిన సర్కారే ముందు ఆ లెక్క సరిచేయాలి. మన దగ్గర ఆ లెక్క పేరు పరిహారం.

అంతేగానీ గీత జరిపితే ఏమొస్తుంది? 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు చివరికి చేరేది కొల్లేటికే. తీర్మానం చేసి గీతని మూడుకి దించొచ్చు. నీళ్ళని దించలేం కదా!