శకర్‌ఖేడా యుద్ధం (1724): ఉప్పల్, నాచారం దాకా వచ్చిన ఫలితాలు

ఉప్పల్‌లో ఇల్లో ప్లాటో కొన్నవాళ్లు తమ పాత కాగితాలు ఒకసారి తీసి చూడండి. ‘ఉప్పల్ ఖల్సా’ అనో, ‘ఉప్పల్ భగాయత్’ అనో రాసి ఉంటుంది. ‘ఉప్పల్ కలాన్’ అనే పేరూ వినే ఉంటారు. ఖల్సా అంటే శిస్తు నేరుగా సర్కారు ఖజానాకు వెళ్లే ఊరు. బాగ్ అంటే తోట, భగాయత్ అంటే తోట భూమి. కలాన్ అంటే పెద్దది. ఇవి మొఘలుల కాలం నాటి రెవెన్యూ మాటలు. ఆ ఖజానా ఢిల్లీదా, దక్కన్‌దా అన్న తగాదా మాత్రం 1724లో ఒక్క రోజు యుద్ధంతో తేలిపోయింది. దాని పేరు శకర్‌ఖేడా యుద్ధం. హైదరాబాద్ రాజ్యానికి పునాది పడింది అక్కడే.

యుద్ధం ఎందుకొచ్చింది?

ఇది బయటి శత్రువుతో జరిగిన యుద్ధం కాదు. రెండు పక్షాల వాళ్లూ ఒకే బాద్షా కొలువులో పనిచేసినవాళ్లే. 1707లో ఔరంగజేబు చనిపోయాక ఢిల్లీ దర్బారులో ముఠాల కొట్లాట మొదలైంది. 1720లో మీర్ ఖమ్రుద్దీన్ ఖాన్ నిజాముల్ ముల్క్ దక్కన్‌కు వచ్చి, దర్బారును గుప్పిట్లో పెట్టుకున్న సయ్యద్ సోదరుల సైన్యాలను రెండుసార్లు ఓడించాడు. 1722లో ఢిల్లీలో వజీరు అయ్యాడు. పాలనను సరిదిద్దుదామని చూస్తే దర్బారు పెద్దలు పడనివ్వలేదు. 1723 చివర్లో వేట పేరు చెప్పి ఢిల్లీ వదిలి, దక్కన్ దారి పట్టాడు.

బాద్షా ముహమ్మద్ షాకు ఇది నచ్చలేదు. హైదరాబాద్ సుబేదారుగా ఉన్న ముబారిజ్ ఖాన్‌కు దక్కన్ మొత్తం అప్పజెప్పి, నిజాముల్ ముల్క్‌ను అడ్డుకోమన్నాడు. దక్కన్ అంటే అప్పట్లో ఆరు సుబాలు: ఖాందేశ్, బేరార్, ఔరంగాబాద్, బీదర్, బీజాపూర్, హైదరాబాద్.

ఆ రోజు ఏం జరిగింది?

1724 అక్టోబరు 11న బేరార్‌లోని శకర్‌ఖేడా దగ్గర రెండు సైన్యాలు తలపడ్డాయి. ఆ ఊరు ఇప్పుడు మహారాష్ట్ర బుల్దానా జిల్లాలో ఉంది. ముబారిజ్ ఖాన్ తన ఇద్దరు కొడుకులతో సహా చనిపోయాడు. గెలిచిన నిజాముల్ ముల్క్ ఆ ఊరికి ఫతే ఖేల్డా అని పేరు పెట్టాడు. ఫతే అంటే విజయం.

గోల్కొండ కోట మాత్రం వెంటనే చేతికి రాలేదు. ముబారిజ్ ఖాన్ మరో కొడుకు ఖాజా అహ్మద్ ఖాన్ లోపల ఉండి తలుపులు తీయలేదు. నిజాముల్ ముల్క్ అతనితో మాటలు నడిపి, బిరుదూ జాగీరూ ఇచ్చి కోట తీసుకున్నాడు. ఓడిన పక్షాన్ని కూడా కలుపుకుపోవడం కొత్త పాలన నిలవడానికి పనికొచ్చింది. హైదరాబాద్ నగరానికి ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టిన ప్రహరీ గోడను పూర్తి చేయించింది కూడా గెలిచిన నిజామే.

వెంటనే వచ్చిన ఫలితాలు

మొదటిది, బాద్షా దిగివచ్చాడు. 1725లో నిజాముల్ ముల్క్‌నే దక్కన్ సుబేదారుగా ఒప్పుకుని, ‘ఆసఫ్ జా’ బిరుదు ఇచ్చాడు. ఆసఫ్ జాహీ వంశం అనే పేరు దాని నుంచే వచ్చింది.

రెండోది, పేరుకు ఢిల్లీ, పనికి దక్కన్. ఆసఫ్ జా తనను రాజుగా ప్రకటించుకోలేదు. ఖుత్బా, నాణేలు మొఘల్ బాద్షా పేరు మీదే సాగాయి. హైదరాబాద్ నాణేల మీద ఆ పేరు 1857-58 దాకా ఉంది. కానీ అధికారులను పెట్టడం, తీసేయడం, జాగీర్లు ఇవ్వడం, యుద్ధాలు, సంధులు అన్నీ ఇక్కడే నిర్ణయమయ్యేవి. ఊళ్ల శిస్తు కూడా ఇక్కడే ఆగింది.

మూడోది, మరాఠాలతో లెక్క తేలలేదు. నాలుగేళ్లు తిరగకముందే, 1728లో పాల్‌ఖేడ్ దగ్గర మొదటి బాజీరావు నిజాం సైన్యాన్ని దిగ్బంధం చేశాడు. ముంగి శేవ్‌గావ్ ఒప్పందంతో చౌత్, సర్దేశ్‌ముఖీ వసూలు హక్కును నిజాం ఒప్పుకోవాల్సి వచ్చింది. ఢిల్లీ బరువు దిగింది గానీ పూనా బరువు ఎక్కింది.

తెలుగు నేల ముక్కలైన తీరు

1748లో ఆసఫ్ జా చనిపోగానే వారసుల మధ్య తగువు మొదలైంది. ఇది ఇంకో అంతర్యుద్ధం. కొడుకు నాసిర్ జంగ్, మనవడు ముజఫర్ జంగ్ ఇద్దరూ మూడేళ్లు తిరక్కముందే హతమయ్యారు. ఒక పక్క ఫ్రెంచివాళ్లు, మరో పక్క ఇంగ్లీషువాళ్లు చేరారు. ఆ సాయం ఊరికే రాలేదు. ఉత్తర సర్కారులు ముందు ఫ్రెంచివాళ్లకు, 1766 ఒప్పందంతో ఇంగ్లీషు కంపెనీకి పోయాయి. 1800లో బళ్లారి, కడప ప్రాంతాలు దత్తమండలాలుగా కంపెనీకి దక్కాయి. ఇప్పుడు మనం కోస్తా, రాయలసీమ, తెలంగాణ అంటున్నామే, ఆ గీతలు పడింది ఇలాగే. ఒక పక్క మద్రాసు పాలన, ఇంగ్లీషు చదువు. ఇంకో పక్క మొదట ఫార్సీ, తర్వాత ఉర్దూ కచేరీలు. మన తెలంగాణ తెలుగులో తహసీల్, పహాణీ, ఖాస్రా మాటలు ఇంతగా కలిసిపోవడానికి కారణం అదే.

నాచారం పక్కనే సాక్ష్యం

ఆసఫ్ జా ఎక్కువగా ఔరంగాబాద్ నుంచే పాలించాడు. రాజధానిని హైదరాబాద్‌కు మార్చింది ఆయన కొడుకు నిజాం అలీ ఖాన్, 1763లో. ఆ దర్బారులో పేరు తెచ్చుకున్న ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా సమాధి నాచారానికి పక్కనే, మౌలాలి గుట్ట కింద ఉంది. ఆమె జాగీర్లలో అడిక్‌మెట్ ఒకటి. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది ఆ వైపే. రాజధాని ఔరంగాబాద్‌లోనే ఉండిపోతే, ఈ తూర్పు వైపు ఊళ్ల కథ వేరేగా ఉండేది.

1948 తర్వాత ఏం మిగిలింది?

1724 నుంచి 224 ఏళ్లకు, 1948 సెప్టెంబరు 17న ఈ రాజ్యం భారత సైన్యానికి లొంగిపోయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. నిజాం సొంత ఆస్తిగా ఉన్న సర్ఫ్-ఎ-ఖాస్ భూములు కూడా ప్రభుత్వంలో కలిశాయి. ఉప్పల్, నాచారం పొలాల్లో ఫ్యాక్టరీలు, కాలనీలు, స్టేడియం, మెట్రో వచ్చాయి. రికార్డుల్లో పాత మాటలు మాత్రం పోలేదు.

అందుకే ఒక మాట. కాగితంలో ‘ఖల్సా’ అని కనిపించగానే అది సర్కారు భూమి అని భయపడనక్కర్లేదు. ఖల్సా ఊళ్లలో కూడా రైతులకు పట్టాలు ఉండేవి. అలాగని ఊరి పేరు చూసి నమ్మి సంతకం పెట్టేయనూ కూడదు. హక్కు తేల్చేది సర్వే నంబరు, పాత పహాణీలు, లింకు డాక్యుమెంట్లు. ఉర్దూ కాగితాలు మూలన పడేయకుండా చదవగలిగిన పెద్దలతో చదివించుకోండి. మూడు వందల ఏళ్ల కింద ఎవరిదో గెలుపు, ఎవరిదో ఓటమి. ఆ లెక్క రాసిన భాష తెలియక ఇవాళ మన ఇంటి జాగా పోగొట్టుకోకూడదు.