జపాను బడిలో మన ఓనమాలు

జపాను భాష నేర్వగోరి విశ్వవిద్యాలయములో చేరిన తెలుగు విద్యార్థికి మొదటి దినముననే ఒక వింత ఎదురగును. ఉపాధ్యాయుడు నల్లబల్లమీద వ్రాసి చదివించు అచ్చులు ఇవి: అ, ఇ, ఉ, ఎ, ఒ. ఆ మీదట వచ్చునవి క, స, త, న, హ, మ, య, ర, వ. ఒక్కొక్క హల్లును అయిదు అచ్చులతోను కూర్చి క, కి, కు, కె, కొ అని గుణింతము చెప్పించును. అక్షరముల ఆకారము మనకు కొత్త. వరుస మాత్రము మన ఇంటిదే. జపానువారు దీనిని 'గోజూఓన్' అందురు. ఏబది ధ్వనులని అర్థము.

ఈ వరుస అక్కడికి ఎట్లు చేరినది? బౌద్ధముతో చేరినది. బుద్ధుని వచనములను చీనా భాషలో చదువుకొన్నను, మంత్రములను మాత్రము మూలములో ఉన్నట్లే పలుకవలెనని అక్కడి భిక్షువులు పట్టుపట్టిరి. అందుకొరకు మన దేశపు ప్రాచీన లిపిని ఒకదానిని నేర్చిరి. దాని పేరు సిద్ధమాతృక. జపానువారి నోట అది 'శిత్తన్' అయినది. మన పల్లెబడులలో బియ్యములో వ్రేలు పట్టి దిద్దించు 'ఓనమః శివాయ సిద్ధం నమః' అను మాటలను శ్రోతలు ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. చదువు మొదట శుభమునకై చెప్పు ఆ 'సిద్ధం' అను మాటయే ఆ లిపికి పేరైనది. మనము పలకమీద దిద్ది మరచిన మాటను వారు ఒక శాస్త్రమునకు పేరుగా నిలుపుకొన్నారు.

736లో బోధిసేనుడను భారతీయ భిక్షువు జపాను చేరినాడు. అతడు దక్షిణాపథపు బ్రాహ్మణుడని అక్కడి సంప్రదాయము. అతనితో వచ్చిన చంపాదేశపు భిక్షువు, నేటి వియత్నాం ప్రాంతమువాడు, జపానులో సిద్ధమాతృకా విద్యకు ఆద్యుడని చెప్పుదురు. నారా నగరమున తోదాయీ దేవాలయములోని మహాబుద్ధ విగ్రహమునకు 752లో నేత్రోన్మీలనము చేసినవాడు ఈ బోధిసేనుడే. అతడు కన్నులు దిద్దిన కుంచెకు పొడవైన త్రాళ్లు కట్టి, ఆ పుణ్యములో తమకును భాగము కలుగునట్లు సభికులు వాటిని పట్టుకొని నిలిచిరట. ఆ కుంచె నేటికిని అక్కడి భాండాగారములో భద్రముగా ఉన్నది. వస్తువులను దాచుటలో జపానువారికి గల శ్రద్ధ మనకు లేదని ఒప్పుకొనవలెను.

తరువాతి వాడు కూకాయి. 804లో సముద్రము దాటి చీనా రాజధానికి పోయి, అక్కడ ప్రజ్ఞుడను భారతీయ భిక్షువువద్ద కూడ చదివి, 806లో సిద్ధమాతృకా గ్రంథములతో మరలి వచ్చినాడు. ఈ చదువు సాగగా సాగగా, మన వర్ణమాలను చూచి తమ భాషలోని ధ్వనులను కూడ అదే క్రమమున పేర్చుకొనవచ్చునని అక్కడి పండితులకు తోచినది. 11వ శతాబ్ది నాటికి ఈ పట్టిక గ్రంథములలో కనబడుచున్నది.

ఇందులో ఒక చిన్న చిక్కు ఉన్నది. మన క్రమమున క వర్గము తరువాత చ వర్గము రావలెను. వారికి స వచ్చినది. ప ఉండవలసిన చోట హ కూర్చున్నది. ఇది పొరపాటు కాదు. ఆ కాలమున వారి స కారము చ కారమునకు దగ్గరగా పలికెడిదనియు, హ కారము పూర్వము ప కారమే అనియు భాషావేత్తలు నిర్ణయించిరి. జపాను భాషలో ధ్వనులు మారిపోయినవి. మన వర్ణమాల చూపిన స్థానములు మారలేదు. పాత ఇల్లు పడిపోయినను పునాది చూచి గదులు ఎక్కడ ఉండెనో చెప్పినట్లు, ఈ వరుసను చూచి వారి ప్రాచీనోచ్చారణమును గుర్తింపవచ్చును.

ఈ చరిత్రలో మాకు మిక్కిలి ప్రియమైనవాడు జియూన్ అను భిక్షువు. 1718లో పుట్టి 1804లో గతించినాడు. దేశము తలుపులు మూసికొని కూర్చున్న కాలమది. ఆయన జపాను విడిచి పోలేదు. భారతీయ గురువు ఒక్కడును దొరకలేదు. దొరికిన తాళపత్రములను, పాత పుస్తకములను ఎదుట పెట్టుకొని సంస్కృతమును సాధించి, సుమారు 1,000 సంపుటముల మహాసంకలనమును కూర్చినాడు. ఉద్యోగము కొరకు కాదు, బిరుదు కొరకు కాదు. బుద్ధుని మాట ఎట్లుండెనో తెలియవలెనను ఒక్క కోరికతో.

ఈ కథ చదివినప్పుడెల్ల మాకు గిడుగు వేంకట రామమూర్తిగారు జ్ఞప్తికి వత్తురు. 1863లో శ్రీకాకుళమునకు సమీపమున పర్వతాలపేటలో జన్మించి, విజయనగరమున చదివి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, వ్యాకరణము గాని నిఘంటువు గాని లేని సవర భాషను సవరల నోటనే నేర్చిన మహనీయుడాయన. ఆ భాషకు ఆయన వ్రాసిన వ్యాకరణము 1931లో వెలువడినది. పరుల భాషను ఎట్లు నేర్వవలెనో ఉత్తరాంధ్రులు జపాను పోయి తెలిసికొననక్కరలేదు.

కళింగపట్నము చెంత వంశధార దక్షిణపు ఒడ్డున కొండమీది సాలిహుండం బౌద్ధ క్షేత్రమును 1919లో లోకమునకు తెలిపినవారును గిడుగువారే. అక్కడ స్తూపములతోపాటు తార, మరీచి మొదలగు దేవతా ప్రతిమలు బయల్పడినవి. మరీచి మన జనులు మరచిన దేవత. జపానులో ఆమె 'మరిశితెన్'. కత్తి పట్టిన సమురాయి వీరులు యుద్ధమునకు పోవునప్పుడు ఆమెను తలచెడివారు. సాలిహుండం అను పేరునకు కొందరు ధాన్యపు పెట్టె అనియు, కొందరు ధాతువుల పెట్టె అనియు అర్థము చెప్పుదురు. జపాను భాషలో 'శారి' అను మాట ఉన్నది. సంస్కృత 'శరీర' శబ్దభవము. బుద్ధుని ధాతువులకు అదే పేరు, వంటవారి నోట తెల్లని అన్నపు మెతుకులకు అదే పేరు. రెండు దేశములలోను బియ్యము, ధాతువు ఇట్లు ఒక్కచోట కలియుట చిత్రమే. దీనినుండి ఏదో ఋజువు చేయబోవుట మాత్రము సాహసము.

మన తీరమున జపాను పేరు ఇంటింట వినబడినది వేరొక విధమున. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్నముమీదను, కాకినాడమీదను బాంబులు వేసినవి. జనము మూట ముల్లె కట్టుకొని పల్లెలకు పారిపోయిరి. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరునకు తరలినది. యుద్ధము ముగిసిన పిదప గాని తిరిగి రాలేదు. అక్షరములు పంపిన తీరమునకు వచ్చిన జవాబు అది. అయినను పగ నిలువలేదు. 1952లో భారత ప్రభుత్వము జపానుతో ప్రత్యేకముగా సంధి చేసికొని, యుద్ధ నష్టపరిహారము అక్కరలేదన్నది. 1954లో శాంతినికేతనమున జపాను భాషాబోధన ఆరంభమైనది. హైదరాబాదులో 1958లో ఆంగ్లభాషా సంస్థగా పుట్టి, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైన ఇఫ్లూలో జపాను భాషను పట్టముదాక చదువవచ్చును.

అక్కడ చేరిన తెలుగువానికి వాక్యము పెద్దగా అడ్డు తగులదు. 'కినో కిత హితో' అనగా 'నిన్న వచ్చిన మనిషి'. మాటకు మాట సరిపోవును. క్రియ చివర, విభక్తి నామము తరువాత, ప్రశ్నార్థకము వాక్యాంతమున. పదములు ప్రాయికముగా అజంతములే. ఇంగ్లీషువాని బస్సును మనము 'బస్సు' అన్నాము, వారు 'బసు' అన్నారు. హోటలు మాత్రము 'హోతెరు' అగును; వారికి ల కారము లేదు గనుక లలిత అక్కడికి పోయిన 'రరిత' అగును. మన 'మిలమిల' వారికి 'కిరకిర'. ఈ పోలికలు చూచి రెండు భాషలు అక్కచెల్లెండ్రని తొందరపడరాదు. ఓనో సుసుము అను జపాను పండితుడు తమిళముతో అట్టి చుట్టరికము కలిపెను; భాషావేత్తలలో అధికులు అంగీకరింపలేదు.

కష్టమంతయు చీనానుండి వచ్చిన గుర్తులలో ఉన్నది. 2010లో ప్రకటించిన పట్టిక ప్రకారము నిత్యవ్యవహారమునకు కావలసినవి 2,136. ఒక్కొక్క దానికి తరచుగా రెండేసి ఉచ్చారణములు. ఉద్యోగమునకై చేరినవారిలో చాలమంది ఇక్కడ అలసిపోవుదురు. ఉద్యోగమును తక్కువ చేసి మేము మాటలాడుట లేదు; పెద్ద చదువు చదివిన పిల్లవానిమీద ఇల్లు ఆశ పెట్టుకొనుట న్యాయమే. కాని రెండువేల గుర్తులు మోయుటకు జీతపు ఆశ ఒక్కటి చాలదు. జియూన్ వలె, గిడుగువారి వలె, ఆ మాటమీదనే ప్రీతి కలుగవలెను.

జపాను శ్మశానములలో సమాధుల వెనుక నిలిపిన సన్నని కొయ్యపలకలను 'సొతోబా' అందురు. అది మన 'స్తూప' శబ్దమే. వాటిమీద సిద్ధమాతృకలో బీజాక్షరములు నేటికిని కుంచెతో వ్రాయుచున్నారు. మరిశితెన్ దేవికి బీజము 'మ'. హైదరాబాదులో చదువుకొని సెలవులకు ఇల్లు చేరిన కళింగపట్నపు విద్యార్థి, సాలిహుండం పోయిననాడు, ఆమెను రెండు పేర్లతోను పిలువవచ్చును.