మార్షల్ దాడి: బంటు బలిపై వందేళ్ల విచారణ

చదరంగంలో రూయ్ లోపెజ్ ప్రారంభం నెమ్మదైన వ్యూహానికి పేరుపడింది. అందులో నల్లపావులవారు ఎనిమిదో ఎత్తుగా బంటును డి5 గడికి తోస్తే మాత్రం ఆట స్వభావమే మారిపోతుంది. నడిమి బంటు ఒకటి తెల్లవారి పాలవుతుంది. పదకొండో ఎత్తుకల్లా తెల్ల ఏనుగు పటం నడుమకు వచ్చేస్తుంది. మంత్రి వైపున్న గుర్రం, శకటు మాత్రం ఇంకా తొలి గడులు దాటవు. ఆ వ్యవధిలో నల్ల శకటులు, మంత్రి తెల్లరాజు ముంగిటికి చేరతాయి. ఇదే మార్షల్ దాడి. పోయిన బంటుకు తగిన ఫలం దక్కుతుందా అన్న ప్రశ్నకు ఒక్కో తరం ఒక్కో పద్ధతిలో జవాబు వెతికింది.

మొదటి జవాబు పటం ముందే వచ్చింది. 1918లో న్యూయార్క్ టోర్నీలో అమెరికా ఆటగాడు ఫ్రాంక్ మార్షల్ ఈ బలిని క్యూబా ఆటగాడు కపబ్లాంకా మీద ప్రయోగించాడు. 1909 మ్యాచ్‌లో తనను చిత్తుగా ఓడించిన ప్రత్యర్థి కోసం ఏళ్ల తరబడి దాచుకున్న అస్త్రమని ఒక కథ పుట్టింది. అంతకుముందే ఇదే ఆలోచనతో ఆడిన ఆటలు బయటపడ్డాక ఆ కథ బలం తగ్గింది. కపబ్లాంకా బంటును తీసుకున్నాడు, దాడిని ఒక్కో ఎత్తుగా కాచుకున్నాడు, 36 ఎత్తుల్లో గెలిచాడు. అయితే ఆ ఫలితం బలిని తోసిపుచ్చలేదు, మార్షల్ ఆడిన క్రమాన్ని మాత్రమే తోసిపుచ్చింది. పదకొండో ఎత్తుగా గుర్రాన్ని వెనక్కి లాగే బదులు, సి6 బంటుతో దానికి ఆసరా ఇవ్వడం తర్వాత ప్రధాన మార్గమైంది.

రెండో దశ ఇంటి దగ్గరి విశ్లేషణది. 1965లో త్బిలీసీలో జరిగిన క్యాండిడేట్స్ (ప్రపంచ ఛాంపియన్‌కు పోటీదారును తేల్చే పోటీ) ఫైనల్‌లో బోరిస్ స్పాస్కీ ఈ దాడిని మిఖాయిల్ టాల్ మీద పలుమార్లు ఆడాడు. దాడులకే పేరుపొందిన టాల్ దాన్ని ఛేదించలేకపోయాడు, మ్యాచ్ 7-4తో స్పాస్కీదైంది. కాలక్రమంలో తెల్లవారు అసలు ఆ దారే తొక్కకపోవడం మేలన్న ధోరణి బలపడింది. 1993లో షార్ట్‌తో ప్రపంచ టైటిల్ మ్యాచ్ మొదటి ఆటలో కాస్పరోవ్ ఎనిమిదో ఎత్తుగా ఎ4 ఆడి పక్కకు తప్పుకున్నాడు.

మూడో దశలో కంప్యూటర్ వచ్చింది. అప్పటి ప్రోగ్రాములు పావుల విలువ లెక్కించడంలో దిట్టలు. తాము చూడగలిగిన లోతుకు అవతల రాజుకు ముప్పు పొంచి ఉంటే, బంటు ఎక్కువున్న పక్షానికే మొగ్గు చూపేవి. దీని మూల్యం 2004లో స్విట్జర్లాండ్‌లోని బ్రిసాగోలో తేలింది. ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్, పీటర్ లేకోతో ఎనిమిదో ఆటలో తెల్లపావులతో మార్షల్ దాడిని ఎదుర్కొన్నాడు. 24వ ఎత్తులో ఏనుగు కోసం మంత్రిని వదిలేశాడు. ఎ-వరస బంటు పరుగెత్తి కొత్త మంత్రి అవుతుందన్నది లెక్క. ఇంటి దగ్గర కంప్యూటర్‌తో సిద్ధం చేసుకున్న ఈ మార్గంలో యంత్రం తెల్లవారికే మేలని చూపింది, కానీ దాన్ని కావలసినంత లోతుకు వెళ్లనివ్వలేదు. లేకో గడియారం నడుస్తుండగానే ఆలోచించి మంత్రిని డి3కి దింపాడు. 32 ఎత్తులకే క్రామ్నిక్ ఓటమి ఒప్పుకున్నాడు. చివరి ఆట గెలిచి మ్యాచ్‌ను 7-7తో సమం చేసి టైటిల్ నిలుపుకున్నాడు గానీ, ఆ ఎనిమిదో ఆట చదరంగ లోకానికి పాఠమైంది.

ఇప్పటి ఇంజిన్లు వేరు. 2020 నుంచి స్టాక్‌ఫిష్ అనే చదరంగ ప్రోగ్రాములో న్యూరల్ నెట్‌వర్క్ చేరాక, బంటు లేకున్నా పావుల చురుకుదనానికి తగిన విలువ కట్టడం మెరుగైంది. ప్రధాన మార్గాలకు అవి ఇచ్చే తీర్పు దాదాపు సమానం. చాలా వరుసల్లో దాడి మాట్‌తో ముగియదు. తెల్లవారికి ఒక బంటు ఎక్కువ, నల్లవారికి రెండు శకటులు ఉన్న ముగింపు ఆటగా మారి డ్రాకు చేరుతుంది. మార్షల్ గెలుపు కోసం తెచ్చిన ఆయుధం అరోనియన్, స్విడ్లర్, ఆడమ్స్ వంటి గ్రాండ్‌మాస్టర్ల చేతుల్లో నల్లపావుల రక్షణ కవచమైంది. అందుకే పైస్థాయి టోర్నీల్లో తెల్లవారు ఎ4, హెచ్3 వంటి ఎత్తులతో, లేదా ఆరో ఎత్తులోనే డి3తో దీన్ని తప్పించుకుంటున్నారు.

కాబట్టి బలి సరైనదేనని యంత్రం తేల్చింది. కానీ ఆట సమానమని అది చూపే సున్నా అంకె బంటు తక్కువైన ముగింపు ఆటను కాపాడుకునే నేర్పు ఇవ్వదు. ఈ దాడిని ఆడదలచినవారు ముందు ఆ ముగింపు ఆటలు సాధన చేయాలి. ఇంజిన్ చూపిన అంకెను నమ్మే ముందు, ప్రత్యర్థికి ఉన్న అత్యంత మొండి ఎత్తును తామే ఆడించి, యంత్రాన్ని మళ్లీ అడగాలి.