నెల తప్పక ముందు

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు కడుపుతో ఉన్నప్పుడు పాలిపోయి, ఆయాసపడి, పురుటి వేళకు ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. ఇనుము తక్కువైతే ఎర్ర రక్తకణాలు చిన్నవవుతాయి. వీళ్లలో మాత్రం మామూలు కంటే పెద్దవిగా ఉబ్బి కనిపించాయి. కనుక ఇది వేరే జబ్బు.

సూక్ష్మజీవులు కారణమేమోనని విల్స్ వెతికారు, దొరకలేదు. అప్పుడు ఆ ఆడవాళ్లు రోజూ ఏం తింటున్నారో ఆరా తీశారు. ఆమె పని మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ అడుగే. జబ్బు ఎక్కువగా ఉన్న పేద ఇళ్లలో పాలు, పళ్లు, కూరగాయలు అరుదు. ఎలుకల మీద, కోతుల మీద ప్రయోగాలు చేసి, ఇంగ్లండులో రొట్టె మీద రాసుకునే చవకైన ఈస్ట్ సారం మార్మైట్‌ను గర్భిణులకు ఇస్తే రక్తం తిరిగి పడుతోందని 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. అందులో పనిచేస్తున్న పదార్థమేదో ఎవరికీ తెలియదు. దాన్ని ‘విల్స్ ఫ్యాక్టర్’ అన్నారు.

1941లో అమెరికా శాస్త్రవేత్తలు పాలకూర నుంచి ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్‌ను వేరుచేశారు. విల్స్ ఫ్యాక్టర్ ఇదేనని తరవాత తేలింది. 1945లో అమెరికాలోని లెడర్లే మందుల కంపెనీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తిండిలోని సారాన్ని పేగులు పీల్చుకోలేని స్ప్రూ వ్యాధితో సోదరుణ్ణి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ వ్యాధికీ ఈ విటమినే మందయింది. దాని పనిని అడ్డుకునే మందులు కూడా అదే ప్రయోగశాల నుంచి వచ్చాయి. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్‌తో, మాయ నుంచి పుట్టే ప్రాణాంతకమైన కేన్సర్ నయమైందని 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ చూపారు. గర్భిణుల రక్తహీనత నుంచి బయల్దేరిన వెతుకులాట ఇంత దూరం వస్తుందని ఎవరనుకున్నారు!

మన దేశంలో 1970లో జాతీయ పథకం కింద ఇనుము, ఫోలిక్ ఆసిడ్ కలిపిన మాత్రల పంపిణీ మొదలైంది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంతకుముందు సర్వేలో అది 53 శాతం. ఈ సర్వేల్లో వేలి చివర తీసిన రక్తపు చుక్కతో లెక్క సరిగా రాదన్న వాదన ఉంది. అందుకే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నరం నుంచి రక్తం తీసి కొలిచే కొత్త సర్వే చేపట్టింది. లెక్క సరిచూడటం మంచిదే. కానీ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుందని, మలబద్ధకం వస్తుందని మానేసే ఆడవాళ్ల మాట కూడా పరిశోధకులు వినాలి.

నన్ను ఎక్కువ బాధించేది మరొకటుంది. ఈ పరిశోధనలో చాలా భాగం స్త్రీని కడుపుతో ఉన్నప్పుడే చూసింది. ఆ చూపు చాలదని 1991లోనే రుజువైంది. ఏడు దేశాల్లో జరిగిన బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరీక్షలో, అంతకుముందు వెన్ను లోపంతో బిడ్డ పుట్టిన తల్లులు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ ఆసిడ్ తీసుకుంటే, ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. పిండంలో మెదడు, వెన్నుపాముగా మారే నాళం తొలి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసి ఆస్పత్రిలో పేరు రాయించుకునేసరికి ఆ గడువు దాటిపోయి ఉంటుంది. మాత్ర ముందే అందాలంటే, గర్భిణి కాని స్త్రీ ఆరోగ్యం కూడా వైద్యానికి పట్టాలి.

గర్భిణులకు ఒక్కసారి సెలైన్‌లా ఎక్కించే ఇనుము మందును రోజువారీ మాత్రలతో పోల్చే పరీక్ష కర్ణాటక, రాజస్థాన్‌లలో జరిగింది. అటువంటి శ్రద్ధే నెలసరిలో విపరీతంగా రక్తం పోయే పదిహేనేళ్ల పిల్ల మీదా, కాన్పులు ముగిసి నలభైలలో నీరసించిపోతున్న కూలీ మనిషి మీదా పెట్టాలి. ఎంత రక్తస్రావం ఎక్కువో, ఏ తిండితో ఎంత ఇనుము ఒంటబడుతుందో వాళ్ల దగ్గరే, వాళ్ల ఊళ్లలోనే తేల్చాలి. లూసీ విల్స్ బొంబాయిలో చేసింది అదే.