అన్నదానము – పొలముతో దాని పూర్వానుబంధము

అన్నమును నిందింపరాదు, సమృద్ధిగా పండింపవలెను, ఆశ్రయము కోరి వచ్చినవానిని కాదనరాదు అని తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి వరుసగా విధించుచున్నది. వడ్డనకంటె ముందు పంటను చెప్పుటలోని అంతరార్థమును మన పూర్వులు ఎరుగుదురు.

విజయనగర ప్రభువుల కాలపు తిరుమల శాసనములను పరికింపుడు. దాతలు సమర్పించిన ధనముతో దేవస్థాన గ్రామములలో కాలువలు త్రవ్వించి, అందువలన పెరిగిన ఫలసాయముతో స్వామివారి నైవేద్యములు జరిపించిరి. దాత సొమ్ము పొలము మీదుగా వంటశాలకు చేరెడిది.

1985లో తిరుమలలో నిత్యాన్నదాన పథకము ప్రారంభమైనది. 2011లో వెలసిన అన్నప్రసాద భవనమునకు, పూర్వము అచ్చట అన్నదానము జరిపించిన తరిగొండ వెంగమాంబ పేరిడిరి. 2021లో గో ఆధారిత వ్యవసాయమున పండిన బియ్యముతో శ్రీవారికి నైవేద్యము ఆరంభించిరి. పాత బాటయే మరల కనబడినది.

మన కొండాపురము సంగతి యోచింపుడు. గండికోట జలాశయమునకై 2020లో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయినది. మిగిలిన నేలయే మనకు ఆధారము. రసాయనిక ఎరువులు మానిన రైతునకు తొలి ఏండ్లలో దిగుబడి తగ్గవచ్చును. కొనువారు నిశ్చయముగా ఉన్నగాని అతనికి ధైర్యము చాలదు. అన్నదానశాలకు నెలకెంత సరుకు కావలయునో ముందే తెలియును. కావున విత్తుటకు మునుపే ధర నిర్ణయించుకొని జొన్నలు, కొర్రలు, శనగలు, కూరగాయలు ఈ ప్రాంతపు రైతుల వద్దనే కొనవచ్చును.

దాతలకు విన్నపము: అన్నదాన నిధికి ఇచ్చునపుడు, అందు కొంత భాగము మన రైతుల పంట కొనుటకని వ్రాయింపుడు. తిన్నవారితోబాటు పండించినవారును తృప్తి చెందిన నాడే అన్నదానము సంపూర్ణము.