రెండోసారి మూట కట్టినవారు

ఒక వేసవిలో, పరీక్షా ఫలితాలు వచ్చిన మర్నాడు, ఒక రైతు బడికి వచ్చి నా ముందు నిలబడ్డాడు. "సారూ, పోరనికి దాఖలా ఇయ్యుండ్రి. నిజామాబాద్ దిక్కు పోతున్నం" అన్నాడు. వాళ్ల తాత నిర్మల్ వైపు నుంచి కూలికి వచ్చి, మా ఇస్లాపూర్ పక్క పల్లెలో నిలదొక్కుకున్నవాడు. మూడు తరాలు గడిచాయి. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. పిల్లవాడు మరాఠీ చదువులో అందరికన్నా ముందుండేవాడు. నాకు మనసొప్పలేదు. "మీ తాత పొదలు కొట్టి, రాళ్లేరి చేసిన చెలక. దాన్ని విడిచి పోతారా?" అని కాస్త గట్టిగానే అడిగాను.

అతను కోపం తెచ్చుకోలేదు. "చెలక మా తాతనే చేసిండు సారూ. కాని సాత్‌బారాల మా పేరు లేదు. కౌలుకే చేసుకుంటొచ్చినం. ఇప్పుడు పట్టాదారు కొడుకులు పంచుకుంటున్నరు" అన్నాడు.

నేను మారు మాట్లాడలేక దాఖలా రాసిచ్చాను. ఆ రోజు నుంచి, వేల మైళ్ల దూరాన పసిఫిక్ సముద్రంలో ఉన్న ఫిజీ దీవుల తెలుగువారి చరిత్ర నాకు మరో రకంగా అర్థం కావడం మొదలైంది. ఉన్న ఊరు విడిచి పోవడం మన జిల్లాల వారికి కొత్త కాదు. కాని వలస వెళ్లి, అక్కడే ఇల్లు కట్టి, పిల్లల్ని కని, ఆ నేలనే తమదనుకున్నవారు మళ్లీ మూట ఎందుకు కడతారు? ఈ ప్రశ్నకు ఫిజీ చరిత్రలో జవాబు దొరుకుతుంది.

ఫిజీ 1874లో బ్రిటిష్ వారి చేతికి వచ్చింది. చెరకు తోటల్లో పనికి మనుషులు కావలసి వచ్చారు. 1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ కలకత్తా నుంచి మొదటి కూలీలను ఫిజీ తీరానికి చేర్చింది. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా కూడా కూలీలను పంపారు. ఆ ఓడల్లోనే విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వెళ్లారు. 1916లో ఓడలు ఆగిపోయేనాటికి మొత్తం 60 వేల మందికి పైగా భారతీయులు అక్కడికి చేరారు.

వాళ్లు అయిదేళ్లు పనిచేస్తామని ఒప్పందం మీద వేలిముద్ర వేసి వెళ్లినవారు. అగ్రిమెంటు అనే మాట వాళ్ల నోట గిర్మిట్ అయింది. వాళ్లకు గిర్మిటియాలని పేరు వచ్చింది. మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు కూలి. పని తక్కువైతే ఆ కూలి కూడా పూర్తిగా చేతికి వచ్చేది కాదు. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. కొందరు తిరిగి వచ్చారు. ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు. చెరకు మిల్లులు నడిపే ఆస్ట్రేలియా కంపెనీ తన తోటలను పదేసి ఎకరాల ముక్కలు చేసి కౌలుకిచ్చింది. నిన్నటి కూలి రైతయ్యాడు. ఇక ఇదే మన ఊరనుకున్నాడు.

అలా అనుకున్నందుకు గుర్తుగా వాళ్లు బడులు కట్టుకున్నారు. 1926లో దక్షిణ భారతీయులు సాధు కుప్పుస్వామి నాయకత్వంలో సంగం అనే సంస్థను స్థాపించుకున్నారు. 1941లో తెలుగువారు తమకంటూ ఒక ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. ఇంట్లో మాత్రం క్రమంగా ఫిజీ హిందీ వచ్చి చేరింది. తెలుగు పండుగలకు, పూజలకు, పెద్దవాళ్ల మాటలకు పరిమితమవుతూ వచ్చింది. రెండు భాషల మధ్య బతికే మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

శ్రోతలారా, ఇక్కడ భూమి సంగతి గమనించాలి. ఫిజీలో నూటికి ఎనభైకి పైగా వంతుల భూమి అక్కడి మూలవాసుల తెగలది. దాన్ని అమ్మడానికి వీల్లేదు, కౌలుకు మాత్రమే ఇవ్వవచ్చు. ఆ నియమం అన్యాయమని తొందరపడి అనకూడదు. 1946 జనాభా లెక్కల నాటికే అక్కడ భారతీయుల సంఖ్య మూలవాసులను దాటిపోయింది. సొంత దీవిలో తామే పరాయివాళ్లమై పోతామేమోనని వాళ్లు భయపడ్డారు. మా కిన్వట్ అడవుల్లో గోండులు, కోలాములు భూముల కోసం పడిన అవస్థ తెలిసిన మనం ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అయినా చెరకు రైతు బాధ చెరకు రైతుదే. 1976 చట్టం ప్రకారం కౌలు గడువు ముప్పై ఏళ్లు. 1997 నుంచి ఆ గడువులు ఒక్కొక్కటే తీరడం మొదలైంది. కొందరికి కౌలు మళ్లీ రాశారు, కొందరికి రాయలేదు. తాత దున్నిన నేల మీద మనవడు, గడువు తీరిన కాగితం చేత పట్టుకుని నిలబడవలసి వచ్చింది.

భూమి తర్వాత ఓటు. ఫిజీ 1970లో స్వతంత్రమైంది. 1987 ఏప్రిల్ ఎన్నికల్లో తిమోసి బవాద్రా అనే మూలవాసి నాయకత్వంలో, భారతీయుల మద్దతు బాగా ఉన్న కూటమి గెలిచింది. నెల తిరిగిందో లేదో, మే 14న లెఫ్టినెంట్ కర్నల్ సితివేని రబుకా పార్లమెంటులోకి సైనికులతో వచ్చి ఆ ప్రభుత్వాన్ని కూలదోశాడు. తేదీ చూడండి. సరిగ్గా 108 ఏళ్ల కిందట మొదటి ఓడ వచ్చిన రోజు అదే. 1990లో వచ్చిన రాజ్యాంగం ప్రధానమంత్రి పదవిని మూలవాసులకే ఉంచింది. సర్కారు కొలువుల్లో కనీసం సగం వాళ్లకు కేటాయించింది. 1997లో రాజ్యాంగం మారింది. 1999లో మహేంద్ర చౌదరి తొలి భారతీయ సంతతి ప్రధాని అయ్యారు. ఏడాదికే, 2000 మే 19న, జార్జ్ స్పైట్ మనుషులు తుపాకులతో వచ్చి ఆయన్ను 56 రోజులు బందీగా ఉంచారు.

బర్మాలో మనవాళ్ల కథ వేరు. 1930 మే నెలలో రంగూన్ రేవులోని తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు అడవులు, కొండలు దాటి నడిచారు. 1962లో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. 1964లో దుకాణాలను జాతీయం చేయడంతో మరి ఎందరో కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు ఆ రోజుల గుర్తే. అక్కడ మనవాళ్లను వెళ్లగొట్టారు. ఫిజీలో వెళ్లిపొమ్మని ఎవరూ తాఖీదు ఇవ్వలేదు. అయినా వెళ్లారు. 1986లో సుమారు 3 లక్షల 48 వేల మంది భారతీయ సంతతివారు ఉంటే, 2007 నాటికి 3 లక్షల 13 వేలు మిగిలారు. దేశ జనాభాలో సగానికి దగ్గరగా ఉన్న వాటా 37 శాతానికి తగ్గింది. కాన్పులు తగ్గడం ఒక కారణం, వలస అంతకన్నా పెద్ద కారణం.

ఎక్కడికి వెళ్లారు? సిడ్నీకి, ఆక్లాండుకు, వాంకూవరుకు, కాలిఫోర్నియాకు. అక్కడ జీతం ఎక్కువే. కాని జీతం ఒక్కటే లాగి ఉంటే 1987కు ముందే ఊళ్లు ఖాళీ అయి ఉండాలి. ఆ ఏటి తర్వాతే వలస పోటెత్తింది. అంతవరకు కష్టం వచ్చినా రేపు బాగుంటుందని ఓర్చుకున్నవారు, ఆ రేపు తమ పిల్లలది కాదని తోచినప్పుడు పాస్‌పోర్టు దరఖాస్తు నింపారు. ఒకరు వెళ్లి స్థిరపడితే తమ్ముణ్ణి పిలిచారు, తమ్ముడు బావమరిదిని పిలిచాడు.

వెళ్లగలిగింది ఎవరో కూడా చూడాలి. ఉపాధ్యాయులు, నర్సులు, లెక్కల గుమాస్తాలు, వైద్యులు. అంటే చదువుకున్నవారు. పిల్లలు ఆ నేలలో వేళ్లూనాలని తాతలు చందాలు వేసుకుని కట్టిన బడులే మనవలకు ప్రయాణపు చీటీ రాసిచ్చాయి. చదువు లేని చెరకు కోత కూలీ, కౌలు పోయిన సన్నకారు రైతు ఎక్కడికీ పోలేక సువా నగరం అంచున గుడిసె వేసుకున్నాడు. బడిపంతులుగా నన్ను బాగా కదిలించిన సంగతి ఇది. దాఖలా రాసే చెయ్యి నాదే కదా!

2013 రాజ్యాంగం ఫిజీ పౌరులందరినీ ఒకే పేరుతో ఫిజియన్లని పిలిచింది. మంచి మాటే. అప్పటికే ఒక తరం సముద్రం దాటిపోయింది.

శ్రోతలారా, మన సంగతి కొంచెం వేరు. 1956 నవంబరు 1న రాష్ట్రాలు మారినప్పుడు, ఆదిలాబాద్ జిల్లా బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్, దానితో పాటు కిన్వట్, రాజురా తాలూకాలు బొంబాయి రాష్ట్రంలోకి వచ్చాయి. నాందేడ్ జిల్లా నుంచి ముధోల్, భైంసా ప్రాంతాలు అటు వెళ్లాయి. మన తాతల్లో చాలామంది ఇల్లు కదలలేదు, హద్దే వాళ్ల ఇంటి మీదుగా కదిలింది. అయినా ఎవరూ మన ఓటు తీసేయలేదు, పిల్లవాడికి బడి తలుపు మూయలేదు. అందుకే ఇన్నేళ్లుగా ఇక్కడ కలిసిమెలిసి ఉన్నాం.

కాని ఉండిపోవడానికి ఓటు, బడి చాలవు. కాళ్ల కింద నేల కూడా ఉండాలి. ఊరు విడిచేవాణ్ణి చూసి "పైసల ఆశ" అని మనం తొందరగా అనేస్తాం. నేనూ అన్నాను. ఆ మాట అనే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. అతను దున్నే నేల మీద అతని పేరు ఉందా? అతని మాటకు పంచాయితీలో విలువ ఉందా? అతని బిడ్డకు ఇక్కడ రేపు కనిపిస్తోందా? మూడింటికీ అవునని చెప్పగలిగిన ఊరిని విడిచిపోవాలని ఎవరికీ ఉండదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు నిజామాబాద్‌లో తెలుగు మాధ్యమంలో చదువుతున్నాడు. పోలాల పండుగకు వచ్చి, మా ఇంటికి కూడా వచ్చి వెళ్లాడు. అక్షరాలు కుదురుతున్నాయా అని అడిగాను. "కుదురుతున్నయి సార్" అన్నాడు. నాతో మాత్రం మరాఠీలోనే మాట్లాడి సెలవు తీసుకున్నాడు.